మాంచెస్టర్ పెద్దవాళ్లు పీటర్ క్రేవెన్‌ను ఇప్పటికీ ఎందుకు తలచుకుంటారు?

మీరు అడిగినది క్లుప్తంగా ఇది. మాంచెస్టర్‌కు వచ్చి ఏడాది అయింది. మీ పక్కింట్లో ఎనభై దాటిన పెద్దాయన ఒక్కరే ఉంటారు. మొన్న టీకి పిలిచినప్పుడు మాటల మధ్యలో పీటర్ క్రేవెన్ అనే మోటార్‌సైకిల్ రేసర్ పేరు ఎత్తి, గొంతు పూడుకుపోయి, కళ్లు తుడుచుకున్నారు. ఆ ఆట ఏమిటో, అరవై ఏళ్ల కిందట పోయిన మనిషి కోసం ఇప్పుడు కన్నీళ్లు రావడమేమిటో మీకు అంతుపట్టలేదు. ఆ సంగతి మళ్లీ ఎత్తవచ్చా, ఎత్తితే ఏమి అడగాలి అన్నది మీ సందేహం. తప్పకుండా ఎత్తండి. ఆయన ఎదురుచూస్తూ ఉంటారు.

నేను మెకానికల్ ఇంజనీరుగా 1984లో ఈ ఊరికి వచ్చాను. తోటి ఉద్యోగి ఒకాయన ఒక సాయంత్రం నన్ను హైడ్ రోడ్‌లోని బెల్ వ్యూ స్టేడియానికి తీసుకెళ్లారు. 1987లో ఆ స్టేడియం మూతపడేదాకా వీలు చిక్కినప్పుడల్లా వెళ్లాను, ఆ తర్వాత కూడా స్పీడ్‌వే చూడడం మానలేదు. క్రేవెన్‌ను నేను కళ్లారా చూడలేదు, ఆయన 1963లోనే పోయారు. కానీ ఆయనను చూసినవాళ్ల మధ్య నిలబడి నలభై ఏళ్లుగా ఈ ఆట చూస్తున్నాను. వాళ్ల నోట విన్నదానికి, రికార్డులలో ఉన్నదానికి, ఇంజిను తెలిసినవాడిగా నాకు అర్థమైనది చేర్చి చెబుతాను.

ముందు ఆట సంగతి. స్పీడ్‌వే తారు రోడ్డు మీద జరిగే రేసు కాదు. కోడిగుడ్డు ఆకారంలో ఒక ట్రాక్, దాని మీద షేల్ అనే నలగ్గొట్టిన రాతిపొడి. నలుగురు రైడర్లు, నాలుగు చుట్లు, ఎప్పుడూ ఎడమకే మలుపు. నిమిషం పైచిలుకులో పందెం అయిపోతుంది; ఒక్కొక్క పందేన్ని హీట్ అంటారు. మొదట వచ్చినవాడికి 3 పాయింట్లు, తర్వాతవాళ్లకు 2, 1, చివరివాడికి సున్నా. జట్ల మధ్య పోటీ అయితే ఒక్కో హీట్‌లో రెండు జట్ల నుంచి ఇద్దరేసి దిగుతారు. సొంత ఊరి జట్టువాళ్ల హెల్మెట్లకు ఎరుపు, నీలం తొడుగులు ఉంటాయి. బండి 500 సీసీ, ఒకే సిలిండరు, పెట్రోలు బదులు మిథనాల్. గేరు ఒకటే. బ్రేకులు లేవు. చదివేవాళ్లు పొరపాటున రాశాననుకుంటారేమో కాబట్టి మళ్లీ చెబుతున్నాను: ముందు చక్రానికీ లేదు, వెనక చక్రానికీ లేదు, బ్రేకు అన్నదే ఆ బండికి లేదు.

మరి మలుపు ఎలా తిరుగుతారంటారా? మనం మలుపు వస్తే ఎక్సలరేటర్ తగ్గిస్తాం, వాళ్లు తగ్గించరు. వెనక చక్రం నేల మీద పట్టు వదిలి బయటివైపుకు జారుతుంది, బండి దాదాపు అడ్డం తిరుగుతుంది, అప్పుడు హ్యాండిల్‌ను కుడివైపుకు తిప్పి ఎడమ మలుపు తిరుగుతారు. ఎడమ బూటు కింద ఇనుప తొడుగు ఉంటుంది; ఆ కాలు నేల మీద జారుతూ ఆసరా ఇస్తుంది. ఎక్సలరేటర్ ఒక వెంట్రుకవాసి ఎక్కువైతే బండి చుట్టూ తిరిగి పడేస్తుంది, తక్కువైతే చక్రం ఉన్నట్టుండి పట్టు దొరకబుచ్చుకుని మనిషిని గాలిలోకి విసురుతుంది. ముందువాడు పడిపోతే వెనకవాడికి ఆగే దారి లేదు. పక్కకు తిప్పాలి, లేదా తన బండిని తానే నేల మీద పడుకోబెట్టాలి. క్రేవెన్ ఆఖరి పందెం అర్థం కావాలంటే ఇది తెలిసి ఉండాలి.

మీ పక్కింటాయన వాసన సంగతి కూడా ఎత్తే ఉంటారు, ఎత్తకపోతే ఎత్తుతారు. ఆ ఇంజిన్లలో క్యాస్ట్రాల్ ఆర్ అనే నూనె పోసేవారు, అది ఆముదంతో చేసినది. క్యాస్ట్రాల్ అన్న పేరులోనే ఆముదం ఉంది. మిథనాల్‌తో కలిసి కాలిన ఆముదం వాసన ఒకసారి ముక్కుకు పట్టిందంటే మరి వదలదు. నేను మొదటిసారి హైడ్ రోడ్‌లో ప్రేక్షకులు నిలబడే మెట్ల మీద నిలబడినప్పుడు అక్కడివాళ్లకు అది చిన్ననాటి శనివారాల వాసన. పాలమూరులో ఆముదం చేల పక్కన పెరిగిన నాకు మా అమ్మమ్మ దీపంలో చమురు ఇంకి వత్తి మాడినప్పటి వాసన. ఆ వాసనతోనే నేను వాళ్లలో ఒకడినయ్యాను అనిపిస్తుంది. మనవాళ్లకు తెలిసిన చుట్టరికం మరొకటి ఉంది. క్రేవెన్ కాలంలో ఈ ఆటను ఏలినది లండన్‌లోని టాటెన్‌హామ్‌లో తయారైన జాప్ ఇంజిను. ఆయన పోయిన ఆ దశాబ్దంలోనే దాని స్థానాన్ని ఎసో అనే చెక్ ఇంజిను ఆక్రమించింది, 1964లో ఆ ఎసో సంస్థ జావాలో కలిసిపోయింది. మైసూరులో తయారై, తర్వాత యెజ్డిగా పేరు మార్చుకుని మన ఊళ్లలో తిరిగిన బండ్లకు మూలమైన జావా అదే.

ఇప్పుడు ఆ చోటు. బెల్ వ్యూ అంటే ఒక్క స్టేడియం అనుకోకండి. అది పెద్ద తోట: జంతు ప్రదర్శనశాల, రోలర్ కోస్టర్, సర్కస్ నడిచే కింగ్స్ హాల్, బాణసంచా, వాటి పక్కన స్పీడ్‌వే ట్రాక్. మన నాంపల్లి నుమాయిష్ నెలన్నర కాకుండా ఏడాదంతా నడిస్తే, దానికొక జూ పార్కు తోడైతే ఎలా ఉంటుందో ఊహించుకోండి. కుటుంబాలకు కుటుంబాలు పొద్దున జంతువులను చూసి, సాయంత్రం రేసులు చూసి బస్సు ఎక్కేవారు. హైడ్ రోడ్‌లో స్పీడ్‌వే 1929లో మొదలైంది. రెండో ప్రపంచ యుద్ధం జరుగుతున్నప్పుడు కూడా అక్కడ ఆట ఆగలేదు. చుట్టూ 418 గజాల ట్రాక్, వెడల్పైన మలుపులు, ధైర్యం ఉన్నవాడికి బయటి అంచు మీదుగా దూసుకుపోవడానికి చోటు. ఆ జట్టు పేరు ఏసెస్. చుట్టుపక్కల గోర్టన్, లాంగ్‌సైట్, ఓపెన్‌షా అంతా కార్ఖానాలు. వారం పొడవునా ఇనుముతో పనిచేసిన చేతులు శనివారం సాయంత్రం ఆ మెట్ల మీదికి వచ్చేవి. ఇంజిను చప్పుడు విని జబ్బేమిటో చెప్పగలిగిన జనం వాళ్లు. అలాంటివాళ్లు ఒక రైడర్‌ను మాంత్రికుడు అన్నారంటే ఊరకే అనలేదు.

పీటర్ క్రేవెన్ 1934 జూన్ 21న లివర్‌పూల్‌లో పుట్టారు. లివర్‌పూల్‌కు, మాంచెస్టర్‌కు ఫుట్‌బాల్‌లో ఎంత పడదో ఏడాదిలో మీకు తెలిసే ఉంటుంది. లివర్‌పూల్ కుర్రవాడిని మాంచెస్టర్ తన ఇంటి పిల్లవాడిగా చేసుకుందంటేనే ఆ ప్రేమ ఎంతటిదో తెలుస్తుంది. మనిషి చాలా పొట్టి, సన్నని ఒళ్లు. మొదట్లో గెలిచిన దానికంటే పడినదే ఎక్కువ అని పాతవాళ్లు చెబుతారు: కంచెకు గుద్దుకోవడం, లేవడం, దులుపుకోవడం, మళ్లీ ఎక్కడం. బరువైన మనిషి సీటు మీద కూర్చుని బండిని తన ఒంటితో అదిమిపెట్టగలడు. క్రేవెన్‌కు ఆ బరువు లేదు. అందుకని ఆయన బండి మీద కూర్చోవడం మానేసి, దాని మీద కదలడం నేర్చుకున్నారు. వెనక చక్రానికి పట్టు కావాల్సినప్పుడు ఒంటిని వెనక్కు జరిపి, ముందు చక్రం లేస్తే హ్యాండిల్ మీదికి వాలి, గుంట వస్తే పక్కకు వేలాడి, ఒక్క మలుపులో నాలుగైదు చోట్లకు మారేవారు. ఇంజనీరుగా నాకు అది సమంజసంగానే తోస్తుంది: బండితో పోలిస్తే రైడర్ తేలిక అయినప్పుడు బరువును ఎక్కడ పెడతాడు, ఎప్పుడు పెడతాడు అన్నదే అతని చేతిలో ఉన్న పనిముట్టు. పత్రికలు ఆయనకు ‘విజార్డ్ ఆఫ్ బ్యాలెన్స్’ అని పేరు పెట్టాయి. తూకం తెలిసిన మాంత్రికుడు అని మనం చెప్పుకోవచ్చు.

హైడ్ రోడ్ నాలుగో మలుపు దగ్గర ఎప్పుడూ నా పక్కన నిలబడే ఒక రిటైరైన ఫిట్టర్ ఉండేవారు, రైలింజన్ల కార్ఖానాలో పనిచేసిన మనిషి. క్రేవెన్ ఎలా నడిపేవారు అని నేను అడిగితే ఆయన మాటలతో చెప్పలేదు. చేతిలోని ప్రోగ్రామ్ కాగితాలను గొట్టంలా చుట్టి హ్యాండిల్‌లా పట్టుకున్నారు, మోకాళ్లు వంచారు, గడ్డం చేతుల మీదికి ఆనేంతగా ముందుకు వాలారు, ఎడమ కాలు పక్కకు జార్చారు. అంతలో ఒళ్లంతా కుడివైపుకు పడిపోబోయినట్టు వేలాడి, ఒక్క క్షణం ఆగి, నన్ను చూసి, “ఇక పోయాడు అనుకునేవాళ్లం” అన్నారు. తర్వాత నెమ్మదిగా నిటారుగా లేచి నవ్వారు. అప్పటికి ఆయనకు అరవై ఎనిమిదేళ్లు, మోకాళ్ల నొప్పులు. ఆ తర్వాత నేను అడిగిన ప్రతివారూ ఏదో ఒక విధంగా అదే అభినయం చేశారు. మీ పక్కింటాయనను కూడా అడిగి చూడండి, కుర్చీలో కూర్చునైనా చేసి చూపిస్తారు.

గెలుపుల సంగతికి వస్తే, 1955లో లండన్‌లోని వెంబ్లీలో జరిగిన ప్రపంచ ఫైనల్‌లో ఆయన ఛాంపియన్ అయ్యారు. అప్పటికి వయసు 21. అప్పట్లో ప్రపంచ టైటిల్‌కు సీజన్ పొడవునా పాయింట్లు కూడబెట్టే పద్ధతి లేదు, అంతా ఒక్క రాత్రే తేలిపోయేది: 16 మంది, 20 హీట్లు, ఒక్కొక్కరు అయిదుసార్లు దిగి మిగతా పదిహేను మందినీ ఒక్కోసారి ఎదుర్కోవాలి. ఒక హీట్‌లో చైను తెగినా, బయలుదేరే గీత దగ్గర అడ్డంగా కట్టిన టేపులు లేచేసరికి ఒక్క క్షణం కునికినా ఏడాది కష్టం నీళ్లపాలు. 1960లో ఓవె ఫండిన్, రోనీ మూర్, క్రేవెన్ ముగ్గురూ సమానంగా 14 పాయింట్లతో నిలిచారు. విడిగా పెట్టిన పందెంలో ఫండిన్ గెలిచారు, క్రేవెన్‌కు మూడో స్థానం దక్కింది. ఆ ఒక్క పందెం గురించి పాతవాళ్లు ఇప్పటికీ నిట్టూరుస్తారు. 1962లో వెంబ్లీలోనే మళ్లీ ఛాంపియన్ అయ్యారు, బ్యారీ బ్రిగ్స్, ఫండిన్ ఆయన వెనక నిలిచారు. ఇంగ్లీషువాళ్లలో ఆయనకు ముందు ప్రపంచ టైటిల్ గెలిచినది 1949లో టామీ ప్రైస్ ఒక్కరే. రెండుసార్లు గెలిచిన మొదటి ఇంగ్లీషు రైడర్ క్రేవెన్. ఆయన తర్వాత మరో ఇంగ్లీషు ఛాంపియన్ కోసం దేశం 1976 దాకా ఆగాల్సి వచ్చింది, అప్పుడు గెలిచిన పీటర్ కాలిన్స్ కూడా బెల్ వ్యూ రైడరే.

అయితే మెట్ల మీద నిలబడినవాళ్లు గుర్తుపెట్టుకున్నది వెంబ్లీ కంటే ఎక్కువగా మామూలు శనివారాలను. 1960ల మొదట్లో ఫండిన్, మూర్, బ్రిగ్స్, బియోర్న్ నట్సన్, క్రేవెన్ అనే అయిదుగురు మిగతావాళ్లకు అందనంత ఎత్తులో ఉండేవారు. పోటీ ఏకపక్షం కాకుండా ఉండాలని లీగ్ మ్యాచ్‌లలో వాళ్లను మిగతావాళ్లకంటే 20 గజాలు వెనక నుంచి బయలుదేరమన్నారు. ఈ ఆటలో మొదటి మలుపులోకి ముందు దూరినవాడు సగం గెలిచినట్టే. వెనకబడినవాడి కళ్లద్దాల నిండా ముందువాళ్ల చక్రాలు ఎగజిమ్మే షేల్ పడుతుంది, దారి కనబడదు. 20 గజాలు అంటే అంత శిక్ష. మామూలుగా అయితే జనం అలాంటి నియమం మీద మండిపడాలి. బెల్ వ్యూ జనానికి మాత్రం అది పండుగ అయింది, ఎందుకంటే ప్రతి హీట్‌లోనూ క్రేవెన్ ముగ్గురిని దాటవలసిందే, దాటడం అందరూ చూడవలసిందే. ఒకడిని లోపలి గీత పక్కగా, మరొకడిని కంచె పక్కన చెయ్యి పట్టేంత సందులో, మూడోవాడిని ఆఖరి మలుపు బయట.

ఆ ఫిట్టర్‌గారు ఒకసారి నాకు ఆ కాలపు ప్రోగ్రామ్ ఒకటి చూపించారు. ప్రతి హీట్ కింద గడులు గీసి ఉంటాయి, ఫలితాలు ప్రేక్షకులే రాసుకోవాలి. ఇప్పటికీ స్పీడ్‌వే అభిమానులు పెన్నో పెన్సిలో లేకుండా రేసుకు వెళ్లరు. ఆ పేజీలో మిగతా అంకెలన్నీ ఒద్దికగా, చిన్నగా ఉన్నాయి. క్రేవెన్ పేరు ఎదుట ఒక హీట్‌లో 3 అంకె మాత్రం కాగితం వెనకవైపు తడిమితే తెలిసేంత గట్టిగా రాసి ఉంది, పక్కన “20 గ.” అని. నేను వేలితో తడిమి చూశాను. పాతికేళ్ల కిందటి ఒక నిమిషం ఆనందం అందులో అలాగే ఉంది.

తర్వాతి తరంలో ఐవన్ మాగర్ బెల్ వ్యూకు ఆడారు. మొత్తం ఆరుసార్లు ప్రపంచ ఛాంపియన్ అయిన మహానుభావుడు ఆయన. ఆ పట్టుదల, సన్నద్ధత ఎవరికీ రావు. అయినా హైడ్ రోడ్ పెద్దలు మాగర్‌ను గౌరవంగా తలచుకుంటారు, క్రేవెన్‌ను ఆప్యాయంగా తలచుకుంటారు. నా ఉద్దేశం ఏమిటంటే, మాగర్ టేపులు లేవగానే ముందుకు దూసుకుపోయి పందేన్ని చేతిలో పెట్టుకునేవారు. క్రేవెన్ పందెం వెనక నుంచి మొదలయ్యేది, ఆ పొట్టి మనిషి పడిపోతాడేమోనన్న భయాన్ని జనం కూడా ఆయనతో పాటు నాలుగు చుట్లూ మోసేవారు. అంతసేపు ఒకరి కోసం ఊపిరి బిగబట్టినవాళ్లు ఆ మనిషిని మరచిపోవడం కష్టం. కాలిన్స్ గొప్పా, క్రేవెన్ గొప్పా అన్న వాదన మాత్రం ఇద్దరు బెల్ వ్యూ పెద్దవాళ్లు కలిసినచోటల్లా నడుస్తుంది. కాలిన్స్ చివరి సీజన్లు నేను చూశాను, ఆయన పట్ల నాకు పక్షపాతం ఉంది కాబట్టి ఆ తీర్పు నేను ఇవ్వను.

1963 సెప్టెంబరు 20, శుక్రవారం. ఎడిన్‌బరోలోని ఓల్డ్ మెడోబ్యాంక్‌లో ఎడిన్‌బరో మొనార్క్స్‌తో బెల్ వ్యూ పోటీ. టైటిల్ కోసం కాదు, లీగ్ పాయింట్ల కోసం కాదు, స్నేహపూర్వకంగా పెట్టుకున్న మ్యాచ్. ఒక హీట్‌లో క్రేవెన్‌కు ముందున్న ఎడిన్‌బరో రైడర్ జార్జ్ హంటర్ పడిపోయారు. పడిన మనిషి దారిలో ఉన్నాడు, క్రేవెన్ బండికి బ్రేకు లేదు. ఆయన హంటర్ మీదికి పోకుండా బండిని పక్కకు తిప్పేశారు, వెళ్లి కంచెకు గుద్దుకున్నారు. ఇప్పుడున్న గాలి దిండ్ల కంచెలు అప్పుడు లేవు. తలకు తగిలిన దెబ్బతో నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉండి, సెప్టెంబరు 24న చనిపోయారు. వయసు 29. ఆ ఏడాది నేషనల్ లీగ్ టైటిల్ బెల్ వ్యూదే.

ఈ ఘట్టం చెప్పేటప్పుడు పాతవాళ్లలో ఒక్కరు కూడా హంటర్‌ను తప్పు పట్టగా నేను వినలేదు. ఆయన ఆ తర్వాత చాలా ఏళ్లు రేసుల్లో కొనసాగారు, హైడ్ రోడ్‌కు వచ్చినప్పుడు మర్యాదగానే చప్పట్లు కొట్టేవాళ్లమని నా పక్కనున్న ఫిట్టర్‌గారు చెప్పారు. క్రేవెన్ అలాంటి క్షణంలో అలాగే చేసే మనిషి అని వాళ్ల నమ్మకం. అందులో ఆలోచించుకునే వ్యవధి కూడా ఉండి ఉండదు. మీ పెద్దాయన కన్నీళ్లు ఇక్కడివే అని నా ఊహ. అప్పటికి ఆయన ఇరవై ఏళ్ల లోపు కుర్రవాడై ఉంటారు. ఆ వయసులో, శనివారం ట్రాక్ మీద కనబడవలసిన మనిషి ఇక రాడని పత్రికలో చదవడం, బహుశా ఆయన జీవితంలో ఎరిగిన మొదటి చావు కబురు అదే అయి ఉండవచ్చు. చాలామంది నాతో అలాగే అన్నారు: ఇంట్లో తాత పోయినప్పుడు ఏడవలేదు, పీటర్ పోయినప్పుడు ఏడ్చాం అని.

ఆయన పేరిట బెల్ వ్యూ స్మారక పోటీ పెట్టింది. హైడ్ రోడ్ స్టేడియాన్ని 1987 తర్వాత కూల్చివేశారు, ఆ స్థలంలో కార్ల వేలం జరిగే చోటు వచ్చింది; అటు బస్సులో వెళ్తే పాతవాళ్లు కిటికీలోంచి ఒకసారి అటు చూసి తల తిప్పుకుంటారు. ఏసెస్ అక్కడికి దగ్గరలోనే కిర్క్‌మన్‌షూమ్ లేన్‌కు మారారు, అక్కడే 2016లో కొత్త నేషనల్ స్పీడ్‌వే స్టేడియం లేచింది. దాన్ని తెరిచేటప్పుడు మొదటి పోటీగా ఎంచుకున్నది పీటర్ క్రేవెన్ స్మారక ట్రోఫీనే. ట్రాక్ మలుపులు సరిగా కుదరక ఆ రోజు పోటీ జరగలేదు, వచ్చినవాళ్లు ఉసూరుమంటూ వెనక్కు వెళ్లారు. అయినా యాభై మూడేళ్ల తర్వాత కొత్త గడపకు మొదటి పసుపు ఆయన పేరు మీద పూయాలని అనుకోవడం నాకు చాలా తృప్తినిచ్చింది.

ఇక మీరు చేయగలిగింది. క్రేవెన్ ఎన్నిసార్లు గెలిచారు అని ఆయనను అడగకండి, అది ఎక్కడైనా దొరుకుతుంది. మీరు ఏ మలుపు దగ్గర నిలబడేవారు, ఎవరు తీసుకెళ్లేవారు, 20 గజాల వెనక నుంచి బయలుదేరినప్పుడు మొదట ఎవరిని దాటేవారు అని అడగండి. చివరి రోజు ప్రస్తావన ఆయనే తెస్తే వినండి, మీరై తేవద్దు. సీజన్ వసంతం నుంచి అక్టోబరు దాకా ఉంటుంది, ఒక రేసు సాయంత్రం ఆయనను కొత్త స్టేడియానికి తీసుకెళ్లండి. చల్లగా ఉంటుంది, దుప్పటి పెట్టుకోండి. మీ చెవుల్లోకి దూది అవసరం, ఆయన వద్దంటారు. వీలైతే మలుపు దగ్గర సీట్లు తీసుకోండి; షేల్ రేణువులు మీద పడతాయి, పడనివ్వండి. ఇంజిన్లు వేడెక్కుతున్నప్పుడు, బండ్లు సిద్ధం చేసే పిట్స్ వైపు నుంచి గాలి వీస్తే కాలిన ఆముదం వాసన ఇప్పటికీ వస్తుంది, ఆ నిమిషంలో మాత్రం ఆయనను పలకరించకండి. ఆయన దగ్గర పాత ప్రోగ్రామ్ ఏదైనా మిగిలి ఉంటే వెంట తెచ్చుకోమనండి. కొత్త ప్రోగ్రామ్, పెన్సిలు మీరు కొనిపెట్టండి, అంకెలు ఆయన రాస్తారు.